ఇన్‌స్పెక్టరమ్మ కళ్లు

వాచీలు బాగుచేసి బతుకు వెళ్లదీసిన ఆ పెద్దమనిషికి ఈ వయసులో మిగిలింది ఒకే ఒక్క కోరిక. భార్య ఆ బస్సు జరిమానా కథ చెప్పడం మానెయ్యాలి.

ఆవిడ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయింది. పెళ్లయిన కొత్తలో ఈయన, ఆవిడ డ్యూటీ చేసే రూట్లోనే, దర్జాగా టికెట్ లేకుండా బస్సెక్కాడు. తనిఖీకి వచ్చేది సొంత పెళ్లామే కదా, అడుగుతుందా ఏమిటని ధీమా. ఆవిడ వచ్చింది, అడిగింది. ఈయన కన్నుగీటాడు. కన్నుగీటడానికి విడిగా జరిమానా లేదు కాబట్టి సరిపోయింది గానీ, బస్సంతా చూస్తుండగా ఛార్జీకి ఇరవై రెట్లు రాసి చేతిలో పెట్టింది. అది మొదలు, చుట్టాలు నలుగురు చేరితే చాలు, వడ్డన కంటే ముందే ఆ కథ వచ్చేస్తుంది. ఈయన పళ్లెం వంక చూస్తూ కూర్చుంటాడు.

ఆవిడ చెల్లెలి కూతురు, జనం పన్నులు ఎందుకు కడతారు, ఎందుకు ఎగ్గొడతారు అని కాలేజీలో ప్రయోగాలు చేస్తోంది. ఎవరో చూస్తున్నారనిపిస్తే మనిషి నిజం చెబుతాడా అన్నది దాని అనుమానం. దానికి తగ్గ కళ్లు ఎక్కడున్నాయో ఆ పిల్లకి వేరే చెప్పాలా? వచ్చి పెద్దమ్మ కళ్లు మాత్రం ఫోటో తీసుకుపోయి, కిటికీ అంత పోస్టరు చేసి ప్రయోగం గదిలో అంటించింది. ఒకరోజు మనుషులు తక్కువై ఇద్దర్నీ రమ్మంది.

"ఊరికే కుర్చీలు నిండాలి పెదనాన్నా. మీ లెక్క నేను కలపనులే."

వెళ్లేటప్పుడు బస్సులో, ఈసారి టికెట్ కొన్నాకే, ఆయన మెల్లగా కదిపాడు. "అక్కడ నువ్వుగానీ దొరికావనుకో, ఇక ఆ కథ ఎత్తకూడదు."

"నేనా? దొరకడమా?" ఆవిడ నవ్వింది. "సరే. మీరు దొరికితే మాత్రం మైకు పెట్టించి చెప్తా."

ఆట తేలికే. కంప్యూటరు మీద కూడికలు చేస్తే డబ్బులొస్తాయి. ఎంత సంపాదించారో ఎవరికి వారే టైపు చెయ్యాలి, దాన్నిబట్టి పన్ను. ఆఖర్న చీటీ తీసి ఒకే ఒక్క కుర్చీని తనిఖీ చేస్తారు, దాచినట్టు తేలితే జరిమానా. ఈయన హాయిగా సగం దాచి టైపు చేసి తలెత్తాడు. గోడ మీంచి ఆ కళ్లు! చెరిపేసి, బుద్ధిగా మొత్తం కొట్టాడు. తన మీద తనకే ఒళ్లు మండింది.

చీటీ తీశారు. ఆవిడ కుర్చీ వచ్చింది. చూస్తే సంపాదించిందంతా దాచేసి సున్నా కొట్టి ఉంది.

పిల్ల నోరు వెళ్లబెట్టింది. "పెద్దమ్మా! గోడ మీద కళ్లు చూళ్లేదా?"

"చూశానే. నా కళ్లకి నేనెందుకు భయపడతాను? ఉద్యోగమంతా పట్టుకోవడమే సరిపోయింది. ఒక్కసారి ఎగ్గొట్టి చూద్దామనిపించింది." సిగ్గుపడలేదు సరికదా, "భలే ఉందే" అంది కూడా.

ఈయన ఇంటిదాకా ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఆ ఆదివారం మరదలింట్లో భోజనాలు. పిల్లని చేసుకోబోయే కుర్రాడు కూడా వచ్చాడు. అందరూ కథ కోసం ఆవిడ వంక చూశారు. ఆవిడ మాట మీద నిలబడి, నోరు మెదపకుండా తింటోంది. ఈయనకి మొదట ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి ఎందుకో దిగులేసింది. ఇన్నేళ్లూ ఆ కథలో హీరో తనే కదా, ఆ సంగతి ఇప్పటిదాకా తట్టనేలేదు.

"మామయ్యగారూ, మీకేదో బస్సులో జరిగిందటగా?" అన్నాడు కాబోయే అల్లుడు.

ఇక ఉండబట్టలేకపోయాడు. బస్సెక్కడం, ధీమా, కన్నుగీటడం, అన్నీ తనే చెప్పాడు. "చివరికి, అదే... ఛార్జీకి రెండింతలు రాసింది" అని ముగించాడు.

మాట ఇచ్చింది కాబట్టి ఆవిడ ఏమీ అనలేదు. తినడం ఆపి, తలెత్తి చూసింది.

"ఇరవై రెట్లు" అన్నాడాయన.