డ్రమ్ము మీద ఎరుపు

రామగిరి వాడైన సదానందం పదిహేనేళ్లు బొగ్గుబాయిలో తట్టలు మోశాడు. మోకాళ్లు అరిగాక బెల్టు దగ్గర డ్యూటీ ఇచ్చారు. బొగ్గును బయటికి తెచ్చే పొడవాటి బెల్టు, దాన్ని తిప్పే ఇనుప డ్రమ్ము, పైన ఒక ట్యూబ్‌లైటు. భూమి కింద ఆయన చోటు అంతే. డ్రమ్ము తిరుగుతోందో లేదో తెలియాలని దాని నల్లటి పక్కభాగం మీద తెల్లగీతలు వేసి ఉంటాయి.

ఒక సోమవారం మొదటి షిఫ్టులో ఆ గీతల మధ్య ఎర్రటి వలయం కనిపించింది. డ్రమ్ము రాసుకుని కాలుతోందనుకున్నాడు. బెల్టు అంటుకుంటే పొగ లోపలికే పోతుంది. లోపల ఇరవైమంది ఉన్నారు. ఆపే తాడు గుంజాడు. బెల్టు ఆగాక డ్రమ్ముకు అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు. చల్లగా ఉంది. నలుపు, తెలుపు తప్ప ఏ రంగూ లేదు.

మంగళవారం మళ్లీ అదే. మళ్లీ ఆపాడు. షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ ఎల్లన్న వచ్చి, "కండ్లు గిట్ల మసకలైనయా? దవాఖానల చూపించుకోరాదు," అన్నాడు. మామూలుగానే అన్నాడు. సదానందానికి మాత్రం నౌకరి గుర్తొచ్చింది. రంగులు తెలియనివాణ్ని బాయిలోకి దిగనివ్వరు.

ఆ సాయంత్రం వంటింట్లో పండుమిరపకాయనూ పచ్చిమిరపకాయనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏందయ్యా, వాటిని గంతసేపు చూస్తున్నవ్?" అంది భార్య అనసూర్య.

"ఏం లేదు."

బుధవారం ఎరుపు కనిపించినా తాడు ముట్టలేదు. అబద్ధమైతే నౌకరి పోతుంది. నిజమైతే ఇరవైమంది. పొగ వాసన కోసం గాలి పీలుస్తూ నిలబడ్డాడు. రాని వాసన వచ్చినట్టే అనిపించింది. చివరికి గుంజేశాడు.

ఈసారి ఆ తాడుకున్న స్విచ్చు చూడడానికి ఎలక్ట్రీషియన్ ఉపేందర్ వచ్చాడు. సదానందం, "తమ్మీ, బెల్టు నడిపిస్త. డ్రమ్ము మీద నీకేం కనపడ్తదో చెప్పు," అన్నాడు.

ఉపేందర్ చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎర్రగున్నది కాకా. లోపలి దిక్కు పచ్చగ గూడ ఉన్నది."

తన ఒక్కడి కళ్లే కాదన్నమాట, అనుకున్నాడు సదానందం.

ఉపేందర్ పైకి చూసి ట్యూబ్‌లైటు ఆర్పాడు. నెత్తిమీది దీపం వెలుగులో డ్రమ్ము మీద ఎరుపు లేదు. "లైటు కొట్టుకుంటాంది కాకా. నలుపు తెలుపు గీతలు గట్ల కొట్టుకునే వెలుగుల తిరిగితె లేని రంగులు కనపడ్తయని మా ట్రైనింగుల చెప్పిండ్రు. నీ కండ్లకేం కాలే."

ఆ షిఫ్టులోనే కొత్త ట్యూబు వేశారు. గురువారం దవాఖానలో రంగుల పరీక్షలో కూడా సదానందం అన్నీ తప్పు లేకుండా చెప్పాడు. అయినా భయం పోలేదు. నిజంగా మంట లేచిన రోజున, ఇది లైటు పనేననుకుని తాను చూస్తూ నిలబడిపోతే?

శుక్రవారం మధ్యాహ్నం, తన తర్వాత రెండో షిఫ్టుకు వచ్చిన పోశంకు బెల్టు అప్పజెప్తూ అన్నాడు: "ఎర్రగ కనపడ్తె ముందు తాడు గుంజు. ఎందుకన్నది తర్వాత చూద్దాం."