టూల్‌కిట్‌కు నేను పెట్టిన పరీక్ష

మొన్న రైలు టికెట్టు కోసం ఫోన్‌లో ఆప్ నొక్కితే తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. ఏవో మార్పులు చేశారట. చేసినవాళ్ళకు అది అసలు తెరుచుకుంటుందో లేదో చూసి పంపాలన్న బుద్ధి లేకపోయింది. ఆ పని తొంభైలలోనే, జార్జి టౌన్‌లో మిరియాల గోదాము పైగదిలో మేము చేశాం.

ఆ గదిలో మా మామయ్య అంగళ్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు తయారుచేయించి అమ్మేవాడు. రాసేది ఆయన కొడుకు, మా బావ. పాత పుస్తకాలు కొని సొంతంగా నేర్చుకున్న నన్ను తనిఖీకి పెట్టుకొని, వాషర్‌మెన్‌పేట్ బట్టల అంగడికి కొత్త ప్రోగ్రాము పెట్టే పని అయ్యాక ఉంచుకోవాలో పంపేయాలో తేలుస్తానన్నాడు మామయ్య. తెర మీద బొత్తాలూ మెనూలూ గీసే టూల్‌కిట్ ఒకటి వాడేవాళ్ళం. దాన్ని పిలిచి, లేచిందో లేదో చెప్పి ఊరుకునే చిన్న ప్రోగ్రాము ఒకటి నేను రాశాను. ఇప్పుడు దాన్నే యూనిట్ టెస్ట్ అంటున్నారు.

పొద్దున్నే దీపం పెట్టి, కంప్యూటరు వేసి, మా పాత ప్రోగ్రామును తెరిచి సాయంత్రందాకా అలాగే ఉంచడం ఆఫీసు ఆచారం. మూసి ఉంటే వ్యాపారం సాగదని మామయ్య నమ్మకం. అంగడికి బయలుదేరే ముందురోజు నేను కంప్యూటరు ఆపి మళ్ళీ వేసి, పాతది తెరవకుండానే నా పరీక్ష నడిపితే టూల్‌కిట్ లేవలేదు.

"నీ పరీక్షే తప్పబ్బాయా, నాది పొద్దున్నుంచీ బాగానే నడస్తా ఉండాదే" అన్నాడు బావ.

"ఆడ అంగట్లో మన పాతది ఎవురు తెరిచి పెడతారు బావా?" అన్నాను.

ఆయన తనే కంప్యూటరు ఆపి మళ్ళీ వేసి, కొత్తది ఒక్కటే నొక్కాడు. రాలేదు. టూల్‌కిట్ ఫైలు పాత ప్రోగ్రాముతోనే ఉండిపోయింది. పాతది తెరిచి ఉన్నంతసేపూ కొత్తది దాని మీదే ఆనుకొని నడిచింది. "సరే, నీ పరీక్ష పాసయిందిలే, నేనే ఫెయిలు" అని నవ్వి, ఆ ఫైలును అంగడికి తీసుకుపోయే డిస్కులోకి ఎక్కించాడు.

మర్నాడు బట్టల అంగట్లో మొదటి నొక్కుకే తెర నిండా బొత్తాలు వచ్చాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మామయ్య, రేపట్నుంచి పెందలాడే రమ్మన్నాడు. ఆ తరువాత ఏ డిస్కూ నా పరీక్ష దాటకుండా ఆ మెట్లు దిగలేదు. ఆ గర్వాన్ని నేను దాచుకోను.

ఇప్పుడు పరీక్షలన్నీ యంత్రాలే చేసుకుంటాయంటారు, మంచిదే. కానీ డిస్కు సంచిలో పెట్టుకొని బస్సెక్కి పోయి, మనం చేసింది మొదటిసారి తెరుచుకునే వేళ అంగడాయన పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడడం ఈ పనిచేసేవాళ్ళలో ఎవరికి దొరుకుతోంది?