గండకీ పత్రానికి బదులు

మొన్న వినాయక చవితి ముందురోజు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. మోకాళ్ళు వద్దంటున్నా, పత్రి నా చేత్తో తెచ్చుకుంటే తప్ప నాకు పండగ చేసినట్టుండదు. గోనెపట్టా మీద పత్రి కట్టలు పోసుకుని కూర్చున్న అమ్మాయి "ఇరవయ్యొక్కటీ ఉన్నాయమ్మా, సూసుకో" అంది. చూద్దును కదా, మారేడు, మామిడి, జిల్లేడు, ఉత్తరేణి పోగా మిగిలినదంతా ఎవరి పెరటి కంచెలోనో కత్తిరించి పారేసిన కొమ్మలే. పక్కనున్నావిడ ఇదేం పత్రి అని ఆ పిల్లని దులిపేస్తోంది గానీ, నేను మాత్రం అడిగినంతా ఇచ్చి కొనుక్కుని వచ్చేశాను. పత్రి విషయంలో ఇంకొకరిని నిలదీసే ముఖం నాకు లేదు.

డెబ్బైల చివర్లో నాన్నగారు పోర్టులో పనిచేస్తున్నప్పుడు మేము క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మాది ఎలమంచిలి దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా వరసలో సగం ఇళ్ళవాళ్ళు గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ మాట తీరూ, పండగలు చేసే పద్ధతీ చూస్తే నాకు మేమెందుకూ పనికిరానివాళ్ళమన్నట్టు ఉండేది. అమ్మ గుమ్మంలో నిలబడి "ఏటే, ఎక్కడున్నావే" అని కేకేస్తే ఒక్క పరుగున వెళ్ళేదాన్ని. అది అమ్మ మీద భక్తి కాదు, ఇంకోసారి ఆ మాట వీధిలో వినపడకూడదనే ఆదుర్దా. మన తరంలో ఈ జబ్బు ఇంకా చాలామందికే ఉండి ఉంటుంది, ఒప్పుకునేవాళ్ళే తక్కువ.

అమ్మ తమ్ముడు, మా చిన్నమావయ్య, ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ మా ఇంట్లోనే ఉండేవాడు. ఆదివారమొస్తే భీమునిపట్నం బస్సెక్కి, దారిలో ఎక్కడో దిగిపోయి, కొండలెక్కి తిరిగేవాడు. పెళ్ళి సంబంధాలు చూసుకోరా అంటే మొక్కల్ని చూసుకుంటున్నాడని అమ్మ దెప్పేది. అతని చొక్కా ఉతికే ముందు జేబులు తడమడం అమ్మకు అలవాటైపోయింది, ఒకసారి పల్లేరుకాయ వేలికి దిగబడ్డ దగ్గర్నుంచీ. డిగ్రీలో నాదీ అదే సబ్జెక్టు కావడంతో అప్పుడప్పుడు నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు.

ఆ ఏడు శ్రావణంలో ఒక కొండవాలు మీద, రాతి పగుళ్ళలో పాకిన సన్నని తీగను చూపించాడు. మంచి పొడవాటి ఆకులు, అక్కడక్కడా బుడ్డిలాంతరు ఆకారంలో ఆకుపచ్చ పూలు. వానలకు దుంపలోంచి మొలిచి, భాద్రపదంలో నిండా పూసి, ఆ తరవాత కాయ పగిలి గింజ రాలి, ఎండలకు పైనున్నదంతా మాయమైపోతుందట. చుట్టుపక్కల కొండలన్నీ గాలించినా ఆ ఒక్క చోట తప్ప దొరకలేదన్నాడు. అంతకు ముందు ఏళ్ళలో గింజ కట్టకముందే మేకలు కొరికేస్తుంటే, ఆ మేకల కాపర్లను బతిమాలి, ఈసారి మందను అవతలి వాలుకు తోలేలా ఒప్పించుకున్నాడు. గింజలు చేతికొస్తే కాలేజీ తోటలో పెంచి, మళ్ళీ కొండకు తెచ్చి నాటాలని అతని ఆశ. ఎవరికీ చెప్పవద్దని నాతో అనలేదు. అనాల్సిన అవసరం ఉంటుందని అతనికి తోచి ఉండదు.

చవితి ముందురోజు ఎదురింటి గోదావరి పిన్నిగారు మా అరుగు మీద ఆరబెట్టిన పత్రిని చూసి నవ్వి, "ఏవమ్మాయ్, మీ వైపు చేతికందిన ఆకల్లా పత్రేనటగా?" అన్నారు. ఆవిడ వేళాకోళానికే అని ఉంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ ఇరవయ్యొక్కటిలో గండకీ పత్రమంటే ఏదో వాళ్ళ పురోహితుడికీ సరిగా తెలియదని విని ఉన్నానేమో, మా మావయ్య అసలైన గండకిని కనిపెట్టాడని, భీమిలి దారిలో ఫలానా కొండ మీద ఉందని, ఆకు ఎలా ఉంటుందో, పువ్వు ఎలా ఉంటుందో పూసగుచ్చినట్టు చెప్పాను. అది గండకి అని మావయ్య ఏనాడూ అనలేదు. ఆ పేరు అప్పటికప్పుడు నేనే పెట్టాను. ఆవిడ ముఖంలో కనిపించిన గౌరవానికి పొంగిపోయి ఇంట్లోకి వచ్చాను.

మర్నాడు పూజకు కూర్చోబోతుంటే పిన్నిగారు పళ్ళెంతో స్వయంగా వచ్చారు. తెల్లారకుండానే వాళ్ళబ్బాయిలూ, వరసలోని మరికొందరూ వెళ్ళి సంచీల నిండా తెచ్చారట, అన్ని ఇళ్ళకూ పంచుతున్నారట. పళ్ళెంలో ఆ తీగలు, పూలతో సహా, దుంపలతో సహా ఉన్నాయి. రాతి పగుళ్ళలోంచి లాగితే కొన్ని దుంపలు సగానికి తెగిపోయాయి. మావయ్య తలంటుకుని, పట్టుపంచె కట్టుకుని అప్పుడే వచ్చి పీట మీద కూర్చున్నాడు. పళ్ళెం వంక చూశాడు, తరవాత నా వంక చూశాడు. పిన్నిగారు "మీ మేనకోడలి పుణ్యమేనండీ, ఈ ఏడు కాలనీ అంతటికీ ఇరవయ్యొక్కటీ కుదిరాయి" అన్నారు. మావయ్య లేచి ఆవిడకు నమస్కారం పెట్టాడు.

నాన్నగారు వ్రతకల్పం చదువుతున్నారు. "గండకీ పత్రం పూజయామి" అన్నప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. మావయ్య పళ్ళెం జోలికి పోకుండా, గిన్నెలోంచి నాలుగు అక్షతలు తీసి స్వామి మీద వేశాడు.

పూజ అయ్యాక మావయ్య తెగని దుంపలు ఏరి కుండీలో పెడుతుంటే నేను దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. "నానే గదే నీకు సూపించాను. ఊరుకో, తప్పు నాదే" అన్నాడు. కోప్పడి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. అమ్మ మాత్రం "ఆకులకాడ కూడా గొప్పలేటే నీకు" అని ఒక్క మాట అంది. ఆ మాటే సరైనది. ఆ దుంపల్లో ఒకటి మరుసటి వానలకు రెండాకులు వేసి, పూయకుండానే కుళ్ళిపోయింది. ఎనభైల్లో అతనికి బదిలీ అయ్యేదాకా ప్రతి భాద్రపదంలోనూ మావయ్య ఆ కొండకు వెళ్ళేవాడు. మేకల కాపర్లు ఇచ్చిన మాట ప్రకారం ఆ వాలుకు మందను తోలడం లేదట. నన్ను మళ్ళీ వెంట రమ్మనలేదు, వస్తానని నేనూ అడగలేదు.

ఇప్పుడా కొండ వాలంతా ఇళ్ళే. ఎలాగూ పోయేదే కదా అని మనసు సర్దిచెప్పబోతుంది గానీ, ఆ గింజలు అందివుంటే కాలేజీ తోటలోనైనా అది బతికేది. క్వార్టర్లలోని ఆ వరస చెదిరిపోయింది, పిన్నిగారూ లేరు, మావయ్యా లేడు. చవితికి ఎన్ని రకాల పత్రి తెచ్చావని నన్ను అడిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు.

మొన్న పూజలో గండకీ పత్రం దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే నాలుగు అక్షతలు వేశాను. దొరకని పత్రికి బదులు అక్షతలు వేస్తే చాలని పెద్దవాళ్ళు ఏనాడో చెప్పారు. ఆ సంగతి ఆ రోజు అరుగు మీద నిలబడ్డప్పుడు కూడా నాకు తెలుసు.