రాజక్క గోడమీది ఎర్రబల్బు

బిడ్డా, పైన ‘కథ’ అని రాయకు. ‘జరిగింది’ అని రాయి. నా కళ్ళతో చూసింది ఇది. నవ్వావంటే చెప్పను మరి.

అప్పట్లో మా మగ్గాల షెడ్డు వెనకాల, వాగు ఒడ్డున, చిన్న డీజిల్ జనరేటర్ ఉండేది. మీ తాతా, ఆయన అన్నా కలిసి కొన్నారు. కరెంటు పోతే దాంతోనే మరమగ్గాలు నడిపేవాళ్ళం. కరెంటాఫీసు వాళ్ళు ఒక షరతు పెట్టారు. అది నడుస్తోందో లేదో ఇంట్లోంచే తెలియాలి, ఇంట్లోంచే ఆపగలగాలి అని. ఎందుకంటే లైన్‌మన్ స్తంభం మీద ఉన్నప్పుడు మన ఇంజను నడిస్తే, ఆ కరెంటు తీగల్లోకి ఎదురెక్కి అతని ప్రాణం తీస్తుంది. అందుకని బ్యాటరీతో పనిచేసే ఒక చెక్కపెట్టె బిగించారు. ఇంజను నడిస్తే ఎర్రబల్బు వెలుగుతుంది. నల్లబటన్ నొక్కితే అక్కడ ఆగిపోతుంది.

ఆ పెట్టె ఎవరి గోడకు పెట్టారు? మా బావ భార్య, నా యారాలు, రాజక్క గోడకు! నా గోడకు సున్నం లేదా? కడుపు మండిపోయింది బిడ్డా. పైగా ఆమె ప్రతి శుక్రవారం దానికి పసుపునీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, మొక్కేది. నేను దగ్గరికి పోతే చాలు...

“నువ్వు ముట్టకే చెల్లె. ఖరాబైతది.”

“నా చేతులకు ముండ్లున్నయా అక్కా?”

“ఉన్నయో లేవో గని, దానికి నా చెయ్యి అలవాటైంది.”

విన్నావా? బటన్‌కు ఆమె చెయ్యి అలవాటట!

ఒక శుక్రవారం పూజ చేసి, వాళ్ళింటిల్లిపాదీ కొండగట్టుకు మొక్కు తీర్చుకోవడానికి పోయారు. ఇల్లు నాకప్పగించారు. నేను పెట్టె ముందు పీట వేసుకుని రాణిలా కూర్చున్నాను. పొద్దుగూకింది. గాలిదుమారం లేచింది. ఎక్కడో తీగ తెగి, కరెంటు పోయింది. కాసేపటికి మీ తాత పరుగెత్తుకొచ్చాడు.

“లస్మీ, ఇంజను బంద్ జేసిన. డీజిల్ పైపు గూడ గుంజేసి తాళమేసిన. లైన్‌మన్ స్తంభం ఎక్కుతుండు. నువ్వు బల్బు మీదికెల్లి కన్ను తియ్యకు. ఎలిగితే నొక్కు. జర పైలం... పిల్లలుగల్లోడు.”

ఆయన పోయాడు. చీకటి. నా గాజుల చప్పుడు నాకే వినిపిస్తోంది...

అప్పుడు... బల్బు వెలిగింది.

ఒక్కసారిగా కాదు. పొయ్యిలో నిప్పు ఊదినట్టు... మెల్లగా... ఎర్రగా... చెవులు రిక్కించాను. ఇంజను చప్పుడు లేదు. కప్పల అరుపు తప్ప ఏమీ లేదు. మరి ఏది నడుస్తోంది?

బటన్ నొక్కాను. దిగలేదు. బలమంతా పెట్టాను. దిగలేదు. స్తంభం మీద మనిషి... మళ్ళీ నొక్కాను.

నా బొటనవేలి మీద... ఏదో ఆనింది.

తడిగా ఉంది. పసుపు వాసన. బరువు... నెమ్మదిగా... ఇంకా బరువు...

టక్.

బటన్ దిగింది. బల్బు ఆరింది. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

కాసేపటికి లైన్‌మన్ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“తీగల కరెంటచ్చిందమ్మా. చేతులు జివ్వుమన్నయ్. ఎంటనే బంద్ గాకపోతే నా పానం పోతుండె.”

మీ తాత తాళం తీసి ఇంజను ముట్టి చూశాడు. చల్లగా ఉంది. పీకేసిన పైపు పక్కన పెట్టిన చోటే ఉంది.

తెల్లారి మెకానిక్ పెట్టె విప్పాడు. “పసుపునీళ్ళు లోపటికి పోయి వైర్లు కలిసినయ్. బటన్ గూడ పట్టేసింది. గందుకే బల్బు ఎలిగింది” అన్నాడు. సరే. మరి స్తంభం మీది తీగలోకి కరెంటెలా వచ్చిందయ్యా అంటే తల గోక్కున్నాడు. నా వేలి సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మీ తాతకు కూడా.

రాజక్క తిరిగొచ్చింది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని!

“ఏమైందక్కా?”

“ఏం జెప్పాలె చెల్లె. శుక్రారం మునిమాపుల సత్రంల కూసున్న. ఉన్నట్టుండి వేలు ఇరిగినంత నొచ్చింది. దేన్నో గట్టిగ నొక్కినట్టు...”

పెట్టె వైపు చూసింది. నా వైపు చూసింది.

“నువ్వు గాని ముట్టినవా?”

ఇంతలో లైన్‌మన్ భార్య కొబ్బరికాయ పట్టుకొచ్చి, నీవల్లే బతికాడమ్మా అని నా చేతిలో పెట్టింది. ఊరంతా నన్నే మెచ్చుకుంది. రాజక్క మూతి తిప్పుకుంది. నాకెంత సంతోషమనుకున్నావు... కానీ రాత్రి పడుకుంటే ఒకటే గుబులు. ఆ మెప్పు కూడా ఆమెదేనేమో?

అతన్ని కాపాడిన వేలు నాదే అని రాయి బిడ్డా.

... ఆగు. రాయకు.

తెలియదు అని రాయి.