మామ సీటీకి వేసిన గోలు

మృగశిర కార్తె వచ్చిందంటే నాందేడ్ జిల్లా అంతా మెడ ఎత్తి మబ్బు కోసం చూసేది. వాన పడొద్దని మొక్కుకున్నది మాత్రం నేనొక్కణ్ణే. రైతులంటే నాకేం పగ లేదు. డెబ్బైల్లో, మా మీటర్ గేజి రోజుల్లో, ఎండాకాలం నాలుగు నెలలకని స్టేషన్‌లో టెంపరరీ పానీవాలాలను పెట్టుకునేవారు. బండి ఆగగానే బాల్టీ, లోటా పట్టుకుని డబ్బా డబ్బాకూ ఉరికి, కిటికీల్లోంచి బయటికి చాచిన చెంబుల్లో, గ్లాసుల్లో, ఒక్కోసారి ఉత్త దోసిళ్లలో నీళ్లు పోయాలి. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన నా చదువుకు దొరికిన కొలువు అదే. మొదటి పెద్ద వాన పడగానే స్టేషన్ మాస్టరు మా బాల్టీలు వెనక్కి తీసుకునేవారు. అంటే ఊరి పంట బతికితే నా ఉద్యోగం చచ్చేది.

నన్ను ఆ కొలువులో పెట్టించింది మా మేనమామ. ఆయన గార్డు. కిన్వట్ మీదుగా వచ్చే ఆదిలాబాద్ ప్యాసెంజరు మీద తిరిగేవాడు. ఈ లోకంలో ఆయన నమ్మినవి రెండే: మేం సీటీ అనే ఈల, కాయితం. సీటీ ఊదితే తప్ప ఏదీ కదలదనీ, కాయితం మీద రాసిస్తే తప్ప ఏదీ ఆగకూడదనీ ఆయన సిద్ధాంతం. అన్నానికి రమ్మని అత్త పిలిచినా ముందు గడియారం చూసుకుని, ఆ తర్వాతే లేచేవాడు. నలభై దాటి, పొట్ట ముందుకొచ్చినా రైల్వే కాలనీ ఫుట్‌బాల్ టీముకు ఆయనే బ్యాకు. మిగతా పదిమందిమీ ఉన్నామంటే ఉన్నాం.

ఆ ఏడు కాలనీ టీముకూ బజారు టీముకూ పోటీ పెట్టారు. బజారు టీమంటే మా ఊరి వజీరాబాద్ వీధిలోని బట్టల దుకాణాల సేట్ల కొడుకులూ, వాళ్ల గుమాస్తాలూ. ఆట చూడటానికి డివిజన్ నుంచి పెద్ద సాహెబు వస్తున్నాడనీ, ఆటగాళ్ల కోటాలో ఒక పర్మనెంటు పోస్టు ఉందనీ, ఎవరికివ్వాలో తన కళ్లతో చూసి తేలుస్తాడనీ కబురొచ్చింది.

“గా పోస్టు నీదే అల్లుడా,” అన్నాడు మామ. “ఎట్లనన్న జేసి సాహెబు కంట్ల వడు.”

ఆ మాటను నేను మరీ అక్షరాలా పట్టుకున్నాను. నా కొంప ముంచింది అదే.

సాహెబు కూర్చునే కుర్చీని ఫస్టు క్లాసు వెయిటింగ్ రూం నుంచి యార్డు పక్కనున్న గ్రౌండు దాకా నెత్తిన పెట్టుకుని మోసింది నేనే. పెద్ద చేతుల కుర్చీ. దాన్ని ఎక్కడ వేస్తే నేను బాగా కనిపిస్తానో ముందే చూసుకుని, బజారోళ్ల గోలుకు దగ్గరగా వేశాను. నేను ఫార్వర్డును కాబట్టి నా పనంతా అక్కడే ఉంటుందని నా లెక్క. తర్వాత ఒక చెట్టు చాటుకు పోయి అంగీ విప్పి, జెర్సీ తొడుక్కుని వచ్చాను. సాహెబు నన్ను చూసి, “కుర్చీ తెచ్చినవాడికి తమ్ముడున్నాడా?” అని స్టేషన్ మాస్టరును అడిగాడట.

ప్యాసెంజరు ఆ రోజు ఆలస్యమైంది. ఆట మొదలవుతుండగా మామ బండి దిగి నేరుగా గ్రౌండుకే వచ్చాడు. కోటు విప్పి తన గార్డు పెట్టె మీద పడేసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి లోపలికి దిగాడు. మెడలో సీటీ అట్లాగే ఉంది. దాన్ని తీయడం ఆయనకు తట్టలేదు. స్నానానికి పోయినప్పుడు కూడా తీయడని అత్త అంటుండేది.

పది నిమిషాలు గడిచాయి. బంతి మామ కాలికి వచ్చింది. ముందు మైదానమంతా ఖాళీ. బజారోళ్ల గోలు దగ్గర నేనొక్కణ్ణే, నా మీద కాపలా కూడా లేదు. కాని నేను బంతిని చూడటం లేదు. సాహెబు నన్ను చూస్తున్నాడా లేదా అని కుర్చీ వైపు చూస్తున్నాను. మామకు ఒళ్లు మండింది. నోట్లో పాన్ ఉంది, అరిస్తే మాట రాదు. చెయ్యి దానంతటదే మెడలోని సీటీ మీదికి పోయింది. ప్లాట్‌ఫారం మీద ఊదినట్టే నిండుగా, పొడుగ్గా ఊదాడు.

మామూలు మనుషులకు మైదానంలో సీటీ అంటే ఆగమని. బజారోళ్లు పదకొండుమందీ మర్యాదగా ఆగిపోయారు. వాళ్ల గోల్‌కీపరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మా రైల్వేవాళ్లకు గార్డు సీటీ అంటే కదలమని. అందులోనూ నాకు. రోజుకు ఎన్నిసార్లో ఆ సీటీ వినగానే బాల్టీ ఎత్తుకుని, కదిలే బండితో పాటు ఆఖరి గ్లాసు నింపుతూ ఉరికేవాణ్ణి. నా కాళ్లు ఆ సీటీకే పుట్టినట్టు లేచాయి. మామ తన్నిన బంతి నా ముందు పడింది. చేతులు నడుం మీద పెట్టుకున్న గోల్‌కీపరు పక్కనుంచి దాన్ని లోపలికి తోశాను. నా జన్మలో వేసిన ఒకే ఒక్క గోలు అది. ఉరుక్కుంటూ పోయి సాహెబు కుర్చీ ముందు నిలబడి నమస్కారం పెట్టాను. ఆయన బిస్కట్టు తింటున్నాడు. చేతిలో ఉన్న సగం బిస్కట్టుతోనే ప్రతి నమస్కారం చేశాడు.

రిఫరీ మరాఠీ బడి డ్రిల్లు మాస్టరు. మైదానం నడుమ నిలబడి, “శిట్టీ కోణీ వాజవలీ?” అని అడిగాడు. ఎవరు ఊదారో కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. మామ మెడలో అది ఇంకా ఊగుతూనే ఉంది.

“మైనే బజాయా,” అన్నాడు మామ, ఏ మాత్రం తొణక్కుండా. “సీటీ నై బజాయే తో గాడీ కైసే ఛూటేగీ?”

సీటీ ఊదకుండా బండి ఎట్లా కదులుతుందని ఆయన వాదన. మాస్టరుకు రైళ్లతో పనిలేదు. గోలు చెల్లదన్నాడు. ఎర్ర కార్డులు మా ఊరికి అప్పటికింకా రాలేదు. మామను పొమ్మని వేలు బయటికి చూపించాడు. కాలనీవాళ్లు గొడవకు లేచారు గాని మామ చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. ఆయనకు బయటికి పోవడం మీద పేచీ లేదు. పంపించే పద్ధతి మీదే పేచీ.

“నోటిమాట మీద నేను బండి గూడ ఆపలే ఇన్నేండ్లల్ల. మెమో రాసియ్యమను, పోత.”

మాస్టరు మొదట నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. చివరికి స్కోరు రాసే పుస్తకంలోంచి ఒక కాయితం చింపించి, మోకాలి మీద పెట్టుకుని మరాఠీలో రాశాడు. మామ దాన్ని పూర్తిగా చదివాడు. టైము రెండు నిమిషాలు తప్పుందని తన గడియారం చూపించి దిద్దించాడు. కింద ముట్టిందని సంతకం పెట్టి, మడిచి జేబులో వేసుకుని అప్పుడు నడిచాడు. ఈ కార్యక్రమం అంతా అయ్యేసరికి పావుగంట పట్టింది. సాహెబు రెండుసార్లు చేతి గడియారం చూశాడు. పోయి గార్డు పెట్టె మీద కూర్చున్న మామ, ఆట ఎన్నింటికి మళ్లీ మొదలైందో కూడా ఆ కాయితం వెనక రాసుకున్నాడు.

ఇక పదిమందిమి మిగిలాం. ఈ పదిమంది వీరత్వం గురించి మా కాలనీలో తర్వాత చెప్పుకున్నదంతా వింటే మీరు పురాణం అనుకుంటారు. నేను ఆ పదిమందిలో ఒకణ్ణి కనుక చెబుతున్నాను: బంతి ఎక్కడుంటే అందరం అక్కడే ఉన్నాం. ఉన్నది ఇద్దరైనా ఇరవైమందైనా మాకు తెలిసిన ఆట అదొక్కటే. పదిమంది ఒక్కచోట గుమిగూడితే బజారోళ్లకు దారి దొరకలేదు. మోకాళ్లు పగిలాయి. ఒకడి పన్ను ఊడింది. దాన్ని వాడు జేబులో వేసుకుని ఆడాడు. కాలనీ ఆడవాళ్లు క్వార్టర్ల గోడలెక్కి చూశారు. ఇంత చులకనగా చెబుతున్నాను గాని, ఆ పూట నా గుండె కూడా ఉప్పొంగిందన్నది నిజం.

సగం ఆట అయ్యేసరికి రెండు వైపులా సున్నా. అందరూ నేల మీద వాలారు. సాహెబుకు దాహమైంది. “పానీవాలా ఎక్కడ?” అన్నాడు. పానీవాలా జెర్సీలో, చెమట కారుతూ, కుంటుతూ పోయి లోటాతో నీళ్లిచ్చాడు. నన్ను గుర్తుపడతాడేమోనని ముఖంలోకి చూశాను. ఆయన లోటాలోకి చూశాడు.

రెండో సగంలో బజారోళ్లు ఒకటి వేశారు. కాసేపటికి వాళ్లవాడి మోకాలికే తగిలి బంతి వాళ్ల గోలులోకే పోయింది. ఆ గోలు మేమే వేసినట్టు ఒకరినొకరం వాటేసుకున్నాం. ఆకాశం నల్లబడింది. గాలి లేచి గ్రౌండంతా దుమ్ము. ఆ దుమ్ములోనే వాళ్లు ఇంకొకటి వేశారు. మాలో సగంమంది దాన్ని చూడను కూడా లేదు.

ఆఖరి నిమిషంలో బంతి నాకు దొరికింది. ముందు గోల్‌కీపరు ఒక్కడే. నా ఈడువాడే. ముఖేడ్ నుంచి వచ్చి ఒక సేటు దుకాణంలో తానులు విప్పేవాడు. ఇది వేస్తే సమానం. సమానమైతే పోస్టు నాదే. ఈసారైనా సాహెబు చూడాలి కదా అని ఒక్క చూపు కుర్చీ వైపు తిప్పాను. సరిగ్గా అప్పుడే సీటీ వినిపించింది.

ఆగిపోయాను. ఇందాకే కాలిన నాలుక కదా, ఈసారి బుద్ధిమంతుడిలా రెండు కాళ్లూ దగ్గర పెట్టి నిలబడ్డాను. గోల్‌కీపరు మాత్రం ఆగలేదు. తాపీగా వచ్చి, వంగి, నా కాళ్ల దగ్గర బంతిని పెరుగు కుండను ఎత్తినట్టు ఎత్తుకుపోయాడు. గోలు వెనక యార్డులో గూడ్సు బండి కదులుతోంది. దాని గార్డు ఊదిన సీటీ అది. రిఫరీ సీటీ ఆ తర్వాత వినిపించింది. ఆట అయిపోయింది.

దాంతో పాటే చినుకులు మొదలయ్యాయి. జనమంతా కేరింతలు కొట్టారు. మా హెడ్ క్లర్కు కుర్చీ ఎక్కి, వానలో తడుస్తూనే, పదిమంది పదకొండుమందిలా పోరాడారనీ, ఇది ఓటమి కాదనీ మాట్లాడాడు. ఓటమి కాకపోతే కప్పు బజారోళ్లు ఎందుకు పట్టుకుపోతున్నారని ఎవరూ అడగలేదు. కాలనీవాళ్లు మామను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. పదో నిమిషంలో బయటికి పోయిన మనిషికి దండ పడింది.

నేను మాత్రం సాహెబు వెనక కుర్చీ మోస్తూ నడుస్తున్నాను. నెత్తి మీద కుర్చీ ఉన్నవాడికి చెవులుండవనుకున్నాడేమో, ఆయన స్టేషన్ మాస్టరుతో తాపీగా చెప్పాడు.

“ఆ కుర్రాడు ఆగాల్సినప్పుడు పరిగెత్తాడు, పరిగెత్తాల్సినప్పుడు ఆగాడు. లైను మీద పెడితే ప్రాణాలు పోతాయి. ఆ గోల్‌కీపరు పేరు రాసుకోండి.”

కుర్చీ కింద ఏడ్చాను. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు. మర్నాడు బాల్టీలు వెనక్కిచ్చేశాం.

మామ ఎప్పుడూ తప్పు ఒప్పుకోలేదు. “నేను సీటీ ఊదకుంటె నువ్వు కదుల్తుంటివా?” అనేవాడు. పైగా ఆయన ఆ మెమో దాచుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి, “మా అల్లుడు గోలు ఏసిండని సర్కారీ కాయితం ఉన్నది,” అనేవాడు. అది సర్కారీ కాయితం కాదు. అందులో గోలు చెల్లదని రాసుంది. మామకు మరాఠీ బాగానే వచ్చు.

గోల్‌కీపరు రైల్వేలో చేరితే సేటు దుకాణంలో ఒక మనిషి తక్కువయ్యాడు. ఆ ఖాళీలోకి నేను పోయాను. వాడు విప్పే తానులు నేను విప్పాను, వాడు కూర్చునే చోటే కూర్చున్నాను. దీపావళి ముందు వాడు యూనిఫాం ప్యాంటు గుడ్డ కోసం మా దుకాణానికే వచ్చాడు. టోపీ బాగా నప్పింది వాడికి. తాను దించుతూ అడిగాను.

“ఆఖరికి గా సీటీ నీకు గూడ వినవడ్డది గద. నువ్వెట్ల ఆగలే?”

“మొదటిసారి మోసపోయిన గద,” అన్నాడు. “అప్పటిసంది సీటీ వినవడితె డ్రిల్లు మాస్టర్ నోరు జూసుడు వెట్టిన. సీటీ ఆయన చేతుల ఉండె, నోట్ల లేకుండె. నువ్వు జూడలేదా? నీ ఎదురుంగనే ఉండె కదా.”

నేను ఎటు చూస్తున్నానో వాడికి చెప్పలేదు. చూశానన్నట్టు తలూపి, గుడ్డ పరిచి కొలిచాను. రెండంగుళాలు తక్కువ కోశాను.