నంజప్ప పేరున్న బోర్డు

అది 2007. చింతామణి కోర్టులో అప్పటికి చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్నా, డొమైన్ నేమ్ తగాదా నా దగ్గరికి రావడం అదే మొదటిసారి. డొమైన్ నేమ్ అంటే ఇంటర్నెట్‌లో అంగడికి ఉండే చిరునామా. ఒక పేరు ఒక్కరికే దొరుకుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

రామప్ప శెట్టి, నారాయణ శెట్టి అన్నదమ్ములు. తండ్రి నంజప్ప పేరుతో ఊదుకడ్డీలు చేసి అమ్మేవాళ్ళు. భాగాలు పంచుకున్నాక అన్న చింతామణిలో, తమ్ముడు బాగేపల్లిలో అదే పేరుతో అంగళ్ళు నడుపుకున్నారు. కొన్నాళ్ళకు తమ్ముడు ఆ పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టరు చేయించుకున్నాడు. అన్న అదే పేరుతో వెబ్‌సైటు పెట్టాడు. తమ్ముడు ఫిర్యాదు చేశాడు. ఇలాంటి తగాదాను ఢిల్లీలో నియమించిన ఆర్బిట్రేటర్, అంటే మధ్యవర్తి, కాగితాలు చూసి తేలుస్తాడు. పార్టీలను పిలవడం చాలా అరుదు.

అన్న నా క్లయింటు. ఈ సంగతి చెప్పగానే ఆయనకు కోపం నషాళానికంటింది.

"మా ఇద్దరి మొగాలు చూడకుండా ఆయప్ప యాడో కూచోని తీర్పెట్లా చెప్తాడప్పా?"

"రూల్సు అట్లుండాయన్నా."

"భాగాలప్పుడు పెద్దమనుషులు మా నాయన పేరు పంచలేదు. ఇద్దరూ పెట్టుకోండి అన్నారు. వాళ్ళలో ఒకాయన పరగోడులో ఉండాడు. పిలిచి అడగమను."

పిలిచే వీలు లేదు. నేనే పరగోడు వెళ్ళి ఆ పెద్దాయనతో అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, రాయించి పంపాను. ఆర్డరు ఈమెయిల్లో వచ్చింది. ఇంటి భాగాల సంగతి సివిల్ కోర్టు చూసుకోవాలట. ట్రేడ్‌మార్క్ తమ్ముడిది కనుక డొమైన్ కూడా తమ్ముడికే ఇవ్వాలట. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"పోయింది వెబ్‌సైటు పేరొక్కటేనన్నా. అంగడికి ఏమీ కాదు. సివిల్ కోర్టుకు పోదాం" అన్నాను. ఆయన తలూపి వెళ్ళాడు. కొద్దిరోజుల తర్వాత అటు వెళ్తే అంగడి మీద బోర్డు లేదు.

"తీర్పు తీర్పే కదప్పా. ఆడ పోయిన పేరు ఈడ మాత్రం నాదెట్లయితాది?" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

తర్వాత నారాయణ శెట్టి కోర్టు ఆవరణలో నన్ను ఆపాడు. ముఖం వాడిపోయి ఉంది.

"మా అన్న బోర్డు ఎందుకు తీసేసినాడు సార్? నేను అది అడగలేదే."

"ఆ మాట మీ అన్నకే చెప్పండి."

"నోటీసు పోయినప్పటి నుంచి మాకు మాటల్లేవు సార్."

ఆనాటి నుంచి అన్నదమ్ముల తగాదా ఏది వచ్చినా, కాగితం ముట్టుకునే ముందు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఈ శెట్టి అన్నదమ్ములను మాత్రం అలా కూర్చోబెట్టినవాళ్ళు లేరు. రామప్ప శెట్టి అంగడికి ఇప్పటికీ పేరు లేదు.