పెట్టె మీద నా నవ్వు

తన రాజకీయ జీవితానికి తన చేతులతోనే పాడె కట్టుకుని, దాని మీద తన రంగుల ఫోటో కూడా అంటించుకున్న మనిషిని మీరెక్కడా చూసుండరు. ఆ ఘనత నాది. చదువుతుంటే నవ్వొస్తే ఆపుకోకండి. మా డివిజన్‌లో ఎవరూ ఆపుకోలేదు.

గుణదల కొండ పక్కన మా డివిజన్. అయిదేళ్లు నేనక్కడ కార్పొరేటర్ని. మురుగుకాలవలు బాగు చేయించాను, కొండమీది ఇళ్లకి మంచినీళ్లు ఎక్కించాను. అయినా రెండోసారి గెలుస్తానో లేదోనని ఒకటే గుబులు. రోడ్డు వేయిస్తే రెండు వానలకి గుంటలే మిగులుతాయి, ఆ గుంటలకి నా పేరు పెడతారు. జనం మర్చిపోలేని పని ఏదైనా చేయాలి.

ఆ ఎండాకాలంలోనే మా వీధిలో ఒకాయన పోయాడు. కూతురు హైదరాబాదు నుంచి వచ్చేదాకా ఐసుదిమ్మల మీద ఉంచారు. కరిగిన నీళ్లు హాల్లోంచి మెట్ల మీదకి కారుతుంటే ఆయన భార్య చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది. నెల తిరక్కుండా డివిజన్‌కి ఉచితంగా ఒక ఫ్రీజర్ బాక్సు ఇచ్చాను. అక్కడితో ఆగితే పుణ్యమైనా దక్కేది. నేను ఎం.ఏ. పొలిటికల్ సైన్సు. ఎలా ఆగుతాను?

పెట్టెకి రెండు పక్కలా నా ఫోటో వేయించాను. చేతులు జోడించి, ముప్ఫై రెండు పళ్లూ కనిపించే నవ్వు. కింద, ‘ఎల్లప్పుడూ మీ వెంటే’.

మా అత్తగారు ఉయ్యూరు మనిషి. నాలుక పదునులో ఆవిడకీ నాకూ ఇరవై రెండేళ్ల పోటీ. పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది.

“శవం పక్కన ఈ ఇకిలింపేంటమ్మాయ్? నోరు మూసుకున్న ఫోటో వేయించు.”

“ఏడుపు మొహంతో పోస్టరు వేయించుకున్న నాయకుణ్ణి ఎక్కడైనా చూశారా అత్తయ్యా?”

“ఇది పోస్టరు కాదు. పాడెకి ముందు మజిలీ.”

“జనం నన్ను జన్మలో మర్చిపోరు, చూస్తుండండి.”

“నా భయమూ అదే.”

ఆవిడ వద్దంది కాబట్టే ఫోటో సైజు రెట్టింపు చేయించాను.

పెట్టె ఖాళీగా ఉన్న రోజు లేదు. బంధువులకి వీడియో కాల్‌లో ఆఖరి చూపు చూపించాలి కదా. మా డివిజన్‌లో పోయిన ప్రతివాళ్ల ఆఖరి ఫోటోలోనూ నేనున్నాను, పెళ్లిలో వియ్యపురాలిలా నవ్వుతూ. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారు లోకులు. నేను పెట్టె పేరు చెప్పి ఓట్లడగడానికి బయల్దేరాను.

మొదటి ఇంటి గుమ్మంలోనే ఓ చిన్నపిల్ల లోపలికి కేకేసింది. “అమ్మా, పెట్టె ఆంటీ వచ్చింది.”

వాళ్లమ్మ తలుపు సగమే తీసింది. “ఓటు మీకే మేడం. మా మామయ్యకి ఒంట్లో బాగోలేదు, లోపలికి మాత్రం రాకండి.”

రెండో ఇంట్లో మంచానపడ్డ పానకాలు మాస్టారు నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. “అప్పుడే వచ్చేశావా తల్లీ?”

“ఓటు కోసం వచ్చాను మాస్టారూ.”

“ఏదో ఒకటి. నాలుగు రోజులాగి రా.”

మూడో వీధికి నా కంటే ముందే కబురు చేరినట్టుంది. తలుపులన్నీ మూసేశారు. ఊరు పొమ్మంటుంది, కాడు రమ్మంటుంది అంటారు. కాటికి ఓటు హక్కు లేదు. చిత్తుగా ఓడిపోయాను.

లెక్కింపు రోజు నాకు ధైర్యం చెప్పడానికి వచ్చింది ఒక్క కాసిం భాయే. కుట్టుమిషన్లు రిపేరు చేస్తాడు, మా పోలింగ్ ఏజెంటు.

“మా వీధి ఓట్లన్నీ మీకే పడ్డాయమ్మా.”

“మీవాళ్లకి మాత్రం నా మీద అంత అభిమానమేంటి భాయ్?”

ఆయన కాస్త మొహమాటపడ్డాడు. “మావాళ్లని మేం ఆలస్యం చేయకుండా తీసుకెళ్లి ఖననం చేసేస్తాం కదమ్మా. మీ పెట్టె మా గుమ్మం తొక్కలేదు.”

నాలుగు నెలల తర్వాత అత్తయ్య పోయింది. ఆడపడుచు ఢిల్లీ నుంచి వచ్చి గన్నవరంలో దిగాలి. మా ఆయన ఫోన్ చేస్తే పెట్టె వచ్చింది.

ఒక పక్క గోడవైపుకి పోయింది. రెండో పక్క జనంవైపుకి. ఎన్ని ఇళ్లలో ఎంతమంది తాళంచెవులతో గీకారో, ఫోటోలో కళ్లు పోయాయి, ముక్కు పోయింది. పళ్లు మాత్రం ఒక్కటీ ఊడలేదు. పరామర్శకి వచ్చినవాళ్లు ఏడుస్తున్న నన్నూ, నవ్వుతున్న నన్నూ మార్చి మార్చి చూడసాగారు.

మెల్లగా జరిగి, ఆ పళ్లకి వీపు ఆనించి కూర్చున్నాను. సాయంత్రందాకా కదల్లేదు. మోటారు గురగుర వెన్నులోకి ఎక్కుతూనే ఉంది. ఇరవై రెండేళ్లలో అత్తయ్య నాకు ఎదురు చెప్పని మొదటి రోజు అది. ‘మీరే గెలిచారు’ అని నాలుగైదు సార్లు లోలోపలే అన్నాను. గెలిచినందుకైనా ఒక్క మాట అంటుందేమోనని చూశాను.

గుమ్మం దగ్గర ఎవరో గుసగుసలాడారు. “చూశావా, అత్త పెట్టె వదిలి అంగుళం కదల్లేదు. కోడలంటే అదీ.”

“పాపం, ఈసారి ఈవిడకే వేద్దాం.”

కృష్ణమ్మ సాక్షిగా శపథం చేస్తున్నాను. నా ఫోటో ఇక ఏ పెట్టె మీదా వేయించను. నా వంతు వచ్చిన రోజున గోడకి ఒకటి తగిలించక తప్పదంటే, అత్తయ్య చెప్పినట్టే, నోరు మూసుకున్నది తగిలించమని మా ఆయనకి చెప్పాను. పాత ఆల్బంలన్నీ తిరగేశాడు. అలాంటిది ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు.